ఓటేయించేది మెప్పు కాదు, కంగారు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. టీవీలో ఒక పాటల పోటీని మొదటి ఎపిసోడ్ నుంచి చూస్తున్నారు. ఆడిషన్‌లోనే ఒక అమ్మాయి గొంతు నచ్చింది, అప్పటి నుంచి వారం తప్పకుండా ఆమెకే ఓటేస్తున్నారు. మూడు వారాలుగా ఆమె పైస్థాయిలో శ్రుతి తప్పుతోంది. ఇంకో అబ్బాయి వారం వారం మెరుగవుతున్నాడు, అయినా రెండుసార్లు డేంజర్ జోన్‌లో, అంటే ఓట్లు తక్కువై ఇంటికి పంపే ప్రమాదం ఉన్నవాళ్ల వరసలో, నిలబడ్డాడు. ఆమెకు వేస్తే ప్రతిభకు అన్యాయం చేసినట్టుంది, అతనికి వేస్తే ఆమెను నడిదారిలో వదిలేసినట్టుంది. దానికి తోడు మీ అక్కగారు "నీది ఓటు కాదు, మొహమాటం" అన్నారు.

నేను పదకొండేళ్లు పాటల షోలకీ డాన్స్ షోలకీ కంటెంట్ టీమ్‌లో పనిచేశాను. కంటెస్టెంట్ స్టేజి ఎక్కే ముందు రెండు నిమిషాల వీడియో వేస్తారు చూడండి, వాళ్ల ఇల్లు, వాళ్లమ్మ, పడ్డ కష్టాలు, కళ్లనీళ్లు. దాన్ని మేం ఏవీ అంటాం. వాటిని రాయడం నా పని. కాబట్టి మీరు మీ సొంతం అనుకుంటున్న అభిమానంలో కొంత నాలాంటివాళ్లు కూర్చుని రాసింది కావచ్చు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు అసలు ఓటు ఎప్పుడు పడుతుందో చెప్తాను. షో చూసేవాళ్లలో ఎక్కువమంది ఓటెయ్యరు. పాట నచ్చితే "భలే పాడాడు" అని పక్కవాళ్లతో అంటారు, ఆ వీడియో ఇంకో నలుగురికి పంపుతారు, అంతే. ఫోన్ చేతిలోకి తీసుకుని ఓటు నొక్కేది ఎప్పుడంటే, తను వెయ్యకపోతే ఆ మనిషి వెళ్లిపోతుందేమో అని భయం పుట్టినప్పుడు. మెప్పు చప్పట్లతో తీరిపోతుంది. కంగారు అలా తీరదు, దానికి ఏదో ఒకటి చెయ్యాలి. ఓట్లలో మనకు కనిపించే లెక్క ఇదే: ఎవరి గురించి ఎంతమంది ఎంత కంగారు పడ్డారు అన్నది. ఎవరెంత బాగా పాడారు అన్నది అందులో ఒక పాలు మాత్రమే, కొన్ని వారాల్లో చాలా చిన్న పాలు.

ఇలా చూస్తే పాత వింతలు చాలావరకు విడిపోతాయి. 2004లో అమెరికన్ ఐడల్ అనే టీవీ పాటల పోటీ మూడో సీజన్ నడుస్తోంది. జెనిఫర్ హడ్సన్, ఫాంటేజియా బారీనో, లాటోయా లండన్ అనే ముగ్గురు అమ్మాయిలు ఆ ఏడాది గట్టి గొంతులుగా పేరు తెచ్చుకున్నారు. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఓట్లు లెక్కపెడితే అడుగున తేలింది ఆ ముగ్గురే. హడ్సన్ 7వ స్థానంలో ఇంటికి వెళ్లిపోయింది. మూడేళ్లు నిండకముందే, 2007 ఫిబ్రవరిలో, ఆమె చేతిలో ఆస్కార్ ఉంది. ఆ రాత్రి ఆమె పక్కనే అడుగున నిలబడ్డ ఫాంటేజియా చివరికి ఆ సీజన్ గెలిచింది. ముగ్గురూ నల్లజాతివాళ్లు కావడంతో ఈ ఓటింగ్‌లో జాతి వివక్ష ఉందని బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్ బాహాటంగానే అన్నాడు. ఆ మాటను నేను కొట్టిపారెయ్యను. దానితోపాటు ఇంకోటి కూడా జరిగిందని నా లెక్క. గొంతు చూసి ఓటేసేవాళ్లు మూడు వైపులకు చీలిపోయారు, పైగా "వీళ్లకేం, ఎలాగూ సేఫ్" అనుకుని చాలామంది ఫోన్ జోలికే పోలేదు. అడుగున కనిపించాక గానీ ఫాంటేజియా అభిమానులకు భయం వెయ్యలేదు.

మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ అరిజిత్ సింగ్. 2005లో ఫేమ్ గురుకుల్ అనే షోలో పోటీ పడి, ప్రేక్షకుల ఓట్లు చాలక 6వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. తర్వాతి కథ మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే దీన్ని చూపించి "చూశారా, జనం ఓటుకు విలువ లేదు" అనేవాళ్లతో నేను ఏకీభవించను. అప్పటి అరిజిత్‌కు పద్దెనిమిదేళ్లు. ఆనాటి ఓటు ఆనాటి కుర్రాడికి పడింది, పదేళ్ల తర్వాతి గాయకుడికి కాదు. ప్రేక్షకులు జోస్యం చెప్పడానికి కూర్చోలేదు కదా.

అభిమానం అన్నదాన్ని అందరూ ఒకే గాటన కడతారు. ఓటింగ్‌లో నాకు అది మూడు రూపాల్లో కనిపించింది, మూడూ వేరువేరుగా పనిచేస్తాయి.

మొదటిది "మనవాడు" అన్న అభిమానం. ప్రాంతం, భాష, జాతి, ఏదైనా కావచ్చు. దీని బలం ఎంతో తెలియాలంటే 2007లో ఇండియన్ ఐడల్ మూడో సీజన్ గుర్తుచేసుకోవాలి. ఫైనల్లో ఒకవైపు డార్జిలింగ్ గోర్ఖా కుర్రాడు, కోల్‌కతా పోలీసు శాఖలో కానిస్టేబుల్ ప్రశాంత్ తమాంగ్. ఇంకోవైపు షిల్లాంగ్ గాయకుడు అమిత్ పాల్. కొండ ప్రాంతాల్లో ప్రశాంత్ కోసం అభిమాన సంఘాలు పుట్టాయి, చందాలు పోగయ్యాయి, జనం గుంపులుగా కూర్చుని ఎస్ఎంఎస్‌లు పంపారు. అమిత్ పాల్‌కు ఈశాన్య రాష్ట్రాలు అలాగే నిలబడ్డాయి. ప్రశాంత్ గెలిచాడు. అక్కడితో ఆగలేదు. గెలిచాక ఒక రేడియో వ్యాఖ్యాత అతని జాతిని వెక్కిరిస్తున్నట్టు మాట్లాడితే సిలిగురిలో గొడవలు రేగి కర్ఫ్యూ దాకా వెళ్లింది. ఆ ఓట్ల ప్రచారంలో ముందు నిలబడ్డ బిమల్ గురుంగ్ అదే ఏడాది అక్టోబర్‌లో గోర్ఖా జనముక్తి మోర్చా పార్టీ పెట్టారు, కొన్నేళ్లపాటు డార్జిలింగ్ రాజకీయాలు ఆ పార్టీ చుట్టూనే తిరిగాయి.

ఆ ఓట్లన్నీ పాట విని వేసినవి కావని ఎవరైనా చెప్పగలరు. కానీ వాటిని "ప్రతిభ లేని ఓట్లు" అని తీసిపారేయడం నాకు మనస్కరించదు. దేశమంతా చూసే తెర మీద తమలాంటి మొహం ఒక్కటైనా కనిపించని జనం, కనిపించిన మొదటి మొహాన్ని చేజార్చుకోకూడదనుకున్నారు. వాళ్ల కంగారు పాట గురించి కాదు, అంతే. షో వాళ్లు అడిగిన ప్రశ్న ఒకటి, జనం జవాబు చెప్పిన ప్రశ్న ఇంకొకటి.

"మనవాడు" అన్నంత మాత్రాన ప్రతిభ లేదని కూడా కాదు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ ఇండియన్ ఐడల్ గెలిచారు. తెలుగువాళ్ల ఓట్లు వాళ్లకు బాగా పడి ఉంటాయి, ఇద్దరూ బాగా పాడగలరు కూడా. అభిమానమూ ప్రతిభా ఒకే మనిషి దగ్గర కలిసినప్పుడు ఏది గెలిపించిందో విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు. అవి రెండూ వేరయినప్పుడే మనకు గొడవ.

ఈ "మనవాడు" సమస్యకు యూరోవిజన్, అంటే ప్రధానంగా యూరప్ దేశాలు తలా ఒక పాటతో తలపడే పోటీ, ఒక మందు కనిపెట్టింది. ఏ దేశం ప్రేక్షకులూ తమ దేశపు పాటకు ఓటెయ్యకూడదు. ఇంట గెలవడం అన్న మెట్టునే తీసేసి, నేరుగా రచ్చ గెలవమన్నారు. మందు సగమే పనిచేసింది. 1990ల చివర్లో ఫోన్ ఓటింగ్ వచ్చాక పక్క దేశాలకు, ఒకే భాష మాట్లాడే దేశాలకు ఓట్లు ప్రవాహంలా వెళ్లాయి. పొట్టకూటికి వేరే దేశంలో స్థిరపడ్డవాళ్లు అక్కడి నుంచి సొంత దేశానికి ఓటేశారు, నియమం వాళ్లను ఆపలేదు. ఆ గోల భరించలేక 2009లో ఫైనల్లో జ్యూరీలను, అంటే సంగీతం తెలిసినవాళ్ల బృందాలను, మళ్లీ తెచ్చి వాళ్లకు సగం, ప్రేక్షకులకు సగం చేశారు.

అలా కలిపితే వచ్చే ఫలితాలు చూడముచ్చటగా ఉంటాయి. 2016లో జ్యూరీల లెక్కలో ఆస్ట్రేలియా మొదటిది, ప్రేక్షకుల లెక్కలో రష్యా మొదటిది. గెలిచింది ఉక్రెయిన్, జమాలా పాటతో. ఎవరికీ మొదటి ఇష్టం కాని పాట, ఇద్దరికీ బాగా ఇష్టమైన పాట. 2023లో అలా కుదరలేదు. ఫిన్లాండ్ గాయకుడు కారియాకు ప్రేక్షకులు 376 పాయింట్లు ఇచ్చారు, స్వీడన్ లోరీన్‌కు 243. జ్యూరీలు మాత్రం లోరీన్‌కు 340 ఇచ్చి నిలబెట్టాయి. మొత్తం మీద 583కి 526తో ఆమె గెలిచింది. హాల్లో జనం ఫిన్లాండ్ పాట పాడుతూనే ఉన్నారు. వాళ్లది మూఢాభిమానం అందామా? ఆ పాటకు ఊగిపోయింది ఒక్క ఫిన్లాండ్ కాదు, ఫిన్లాండ్‌కు ఆ ఓటు వేసే వీలే లేదు. కాబట్టి ప్రేక్షకులు ఎన్నుకున్నదల్లా అభిమానం, జ్యూరీ ఎన్నుకున్నదల్లా ప్రతిభ అనే లెక్క కూడా సరిగ్గా నిలవదు.

రెండో రకం అభిమానం వెక్కిరింతలోంచి పుడుతుంది. దీని గురించి ఎక్కువ చెప్పను. 2007లో అమెరికన్ ఐడల్‌లో సంజయ మలాకర్ అనే కుర్రాడిని నిలబెట్టడానికి "వోట్ ఫర్ ద వర్స్ట్" అనే వెబ్‌సైటూ ఒక పేరున్న రేడియో వ్యాఖ్యాతా ప్రచారం చేశారు. జడ్జిలను ఉడికించడమే వాళ్ల సరదా. అతను 7వ స్థానం దాకా వచ్చాడు. నిజంగా అతని పాట నచ్చి వేసినవాళ్లు కూడా ఉన్నారు, చిన్నపిల్లలు చాలామంది. కానీ ఆ సీజన్‌లో అతను పడ్డ ఎగతాళి చూశాక ఆ సరదా నాకు ఎప్పుడూ రుచించలేదు.

మూడో రకం మీది. "నేను మొదటిరోజే కనిపెట్టాను" అన్న అభిమానం. నా అనుభవంలో అన్నిటికన్నా గట్టిది ఇదే. ఆడిషన్ రోజు ఒకరిని ఎంచుకున్నాక ప్రతి వారం వేసే ఓటు ఆ మనిషికి ఎంత పడుతుందో, మన ఎంపిక సరైనదేనన్న నమ్మకానికీ అంతే పడుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్టు, ఎనిమిది వారాలు ఓట్లు వేసి పెంచుకున్న గాయని మన చెవికి శ్రుతి తప్పదు. మీకు ఆమె శ్రుతి తప్పినట్టు వినిపిస్తోందంటే మీ చెవి ఇంకా మీ చేతుల్లోనే ఉంది, అందుకే మీ ప్రశ్న నాకు నచ్చింది.

ఇక ఏవీల సంగతి. ఒక సీజన్‌లో ఒక అబ్బాయికి నేను ఏవీ రాశాను. వాళ్ల నాన్న మాట్లాడని మనిషి. కొడుకు పాడిన ఎపిసోడ్‌ను చీకట్లో ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాడు. కెమెరామన్‌కు అది అనుకోకుండా దొరికింది, నేను దాని మీద ఒక్క మాట కూడా రాయకుండా వదిలేశాను. అది నా గొప్పే అనుకోండి. ఆ వారం అబ్బాయి రెండో చరణంలో తాళం తప్పాడు, అయినా ఓట్లలో మొదటివాడుగా వచ్చాడు. వెళ్లిపోయింది ఇంకో అమ్మాయి. ఆ సీజన్‌లో గమకం అంత శుభ్రంగా పలికినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆమె గురించి మా మీటింగ్‌లో ప్రతి వారం ఒకటే మాట: "ఈమెకు కథ లేదు." అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లు, చిన్నప్పుడే సంగీతంలో చేర్పించారు, ఇంట్లో అందరూ సాయం చేశారు. దీన్ని రెండు నిమిషాలు ఏం చూపిస్తాం? కాబట్టి ఆమెకు నలభై సెకన్లు ఇచ్చేవాళ్లం, రిహార్సల్‌లో నవ్వుతున్న షాట్లు నాలుగు. నవ్వుతున్న మనిషి గురించి ఎవరూ కంగారు పడరు. ఆమె వెళ్లిపోయేటప్పుడు మాకందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పి వెళ్లింది.

ఆ కథలు అబద్ధాలు కావు. నేను అబద్ధం ఎప్పుడూ రాయలేదు. ఎవరి నిజాన్ని రెండు నిమిషాలు చూపించాలి, ఎవరి నిజాన్ని నలభై సెకన్లతో ముగించాలి అన్నది మాత్రం మేమే తేల్చాం. మీకు ఆ అమ్మాయి మీద ఉన్న అభిమానం ఆడిషన్‌లో ఆమె పాడిన పాటతో మొదలైందా, ఆ పాటకు ముందు వచ్చిన వీడియోతోనా? ఇది మీరే తేల్చుకోవాలి. వీలైతే ఆ ఆడిషన్ పాట ఒక్కటీ, బొమ్మ చూడకుండా, ఇంకోసారి వినండి.

పాడే వరస కూడా ఓటు మీద పనిచేస్తుంది. యూరోవిజన్ లాంటి పోటీల ఫలితాలు పరిశీలించినవాళ్లు చివర్లో వచ్చినవాళ్లకు మొగ్గు ఎక్కువని గమనించారు. 2013 నుంచి అక్కడ ఆ వరసను చీటీలతో కాకుండా నిర్మాతలే ఖరారు చేస్తున్నారు. మా షోల్లోనూ వరస మేమే వేసేవాళ్లం. మొదట పాడినవాళ్లను గంటన్నర తర్వాత గుర్తుపెట్టుకోవడం నిజంగా కష్టం.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని అసలు విషయానికి వస్తాను, ఓట్లను లెక్కపెట్టే పద్ధతి. "జడ్జిల మార్కులు 50 శాతం, మీ ఓట్లు 50 శాతం" అని యాంకర్ చెప్తే రెండింటి బరువూ సమానం అనుకుంటాం. కాదు. నలుగురు కంటెస్టెంట్లు ఉన్నారనుకోండి. జడ్జిలు 40కి 30, 29, 28, 24 ఇచ్చారు. శాతాల్లోకి మారిస్తే 27, 26, 25, 22 దరిదాపుల్లో వస్తాయి. మొదటివాడికీ చివరివాడికీ తేడా 5 శాతం. ఓట్లు అదే వరసలో 12, 20, 18, 50 శాతం పడ్డాయి. తేడా 38. రెండూ కలిపితే జడ్జిలు అందరికన్నా తక్కువ ఇచ్చినవాడికి 72, ఎక్కువ ఇచ్చినవాడికి 39. జడ్జిలు మర్యాదకు పోయి అందరికీ దగ్గర దగ్గర మార్కులు వేస్తారు, జనం అలా వెయ్యరు. దాంతో పేరుకు సగం సగమే అయినా నిర్ణయమంతా ఓట్లదే అవుతుంది.

అవే అంకెలను స్థానాల్లోకి మార్చి చూడండి. మొదటి స్థానానికి 4, చివరి స్థానానికి 1. జడ్జిల చివరివాడు ఓట్లలో మొదటివాడు కాబట్టి 1, 4 కలిపి 5. జడ్జిల మొదటివాడు ఓట్లలో చివరివాడు కాబట్టి అతనికీ 5. మధ్యలో 29 మార్కులతో, 20 శాతం ఓట్లతో ఉన్నవాడికి 3, 3 కలిపి 6, అతనే గెలుస్తాడు. ఒక్క ఓటూ మారలేదు, ఒక్క మార్కూ మారలేదు, విజేత మారిపోయాడు. అభిమానం గెలిచిందా ప్రతిభ గెలిచిందా అని రాత్రంతా వాదించుకునేవాళ్లు ముందు ఈ లెక్క ఏ పద్ధతిలో వేశారో కనుక్కోవాలి.

స్థానాల పద్ధతికీ దాని తిప్పలు దానికి ఉన్నాయి. 2008 డిసెంబర్‌లో బ్రిటన్‌లో స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్ అనే టీవీ డాన్స్ పోటీ సెమీఫైనల్లో ముగ్గురే మిగిలారు. జడ్జిల లెక్కలో ఇద్దరు సమానంగా మొదటి స్థానంలో నిలిచి చెరో 3 పాయింట్లు తీసుకున్నారు. మూడో అతను టామ్ చాంబర్స్‌కు 1 దక్కింది. ప్రేక్షకులు ఎన్ని ఓట్లు వేసినా అతను కింది ఇద్దరిలోంచి బయటపడే దారి లెక్క ప్రకారమే లేదు. జనం మాత్రం ఓట్లు వేస్తూనే ఉన్నారు. విషయం బయటపడ్డాక ముగ్గురినీ ఫైనల్‌కు పంపి, పడ్డ ఓట్లను కూడా ముందుకు మళ్లించారు. ఫైనల్లో గెలిచింది ఆ టామ్ చాంబర్సే.

అదే సీజన్‌లో అంతకుముందు నెల జాన్ సార్జెంట్ అనే పాత్రికేయుడి కథ నడిచింది. డాన్స్ రాదు, జడ్జిలు అడుగు మార్కులు ఇచ్చేవాళ్లు, జనం ప్రతి వారం కాపాడేవాళ్లు. చివరికి తనే తప్పుకున్నాడు. నేను గెలిచేసే ప్రమాదం ఉంది, అది సరదా హద్దు దాటడమే అన్నట్టు మాట్లాడాడు. పోటీదారుడే అంత మాట అనడం నేను ఇంకెక్కడా చూడలేదు. అమెరికాలో డాన్సింగ్ విత్ ద స్టార్స్‌లో 2018లో అలాంటి స్థితిలో ఉన్న బాబీ బోన్స్ తప్పుకోలేదు. ఫైనల్లో నలుగురిలోకీ తక్కువ మార్కులు అతనివే, అయినా గెలిచాడు. ఆయన వృత్తిరీత్యా రేడియో వ్యాఖ్యాత, పొద్దున్నే ఆయన మాట వినే శ్రోతలు దేశమంతా ఉన్నారు. తర్వాతి సీజన్‌కే నిర్వాహకులు నియమాలు మార్చి, కింద మిగిలిన ఇద్దరిలో ఎవరు ఉండాలో తేల్చే పని జడ్జిలకు ఇచ్చారు.

ఒక మనిషికి ఎన్ని ఓట్లు అన్నదీ ఇందులోదే. ఒకరికి ఒక్క ఓటే ఉంటే ఎంతమందికి నచ్చిందో కొంత తెలుస్తుంది. ఎన్నైనా వెయ్యొచ్చంటే ఎవరికి ఓపిక ఎక్కువో తెలుస్తుంది. అమెరికన్ ఐడల్‌లో మొదటి ఏళ్లలో ఫోన్ చేతులు నొప్పిపుట్టేదాకా చేసుకోవచ్చు. 2003లో అలా పడ్డ 2 కోట్ల 40 లక్షల ఓట్లలో రూబెన్ స్టడర్డ్ గెలిచింది 1 లక్షా 34 వేల తేడాతో. కొన్ని వేలమంది ఇంకో అరగంట మెలకువగా ఉండి ఉంటే ఫలితం మారిపోయేది. యూరోవిజన్‌లో 2025 దాకా ఒక్కరు 20 ఓట్లు వెయ్యగలిగేవారు, వ్యవస్థీకృతంగా ప్రచారాలు చేసి ఓట్లు పోగేస్తున్నారన్న గొడవ తర్వాత దాన్ని 10కి తగ్గించారు.

ఓటుకు డబ్బు ముడిపడితే కథ ఇంకా ముదురుతుంది. 2021లో చైనాలో ఒక పోటీకి ఓటు కోడ్‌లను స్పాన్సర్ కంపెనీ పాల సీసాల మూతల లోపల ముద్రించింది. అభిమానులు మూతలు ఉంచుకుని పాలు కాలవలో పారబోయించిన వీడియోలు బయటికొచ్చాయి. ప్రభుత్వం ఫైనల్‌ను ఆపించేసింది. ఇది చదివి అభిమానులను తిట్టుకునే ముందు కొరియా సంగతి కూడా వినండి. 2019లో ప్రొడ్యూస్ ఎక్స్ 101 అనే షో ఫైనల్ ఓట్లు ప్రకటిస్తే, వేరువేరు స్థానాల మధ్య ఐదు చోట్ల తేడా అచ్చంగా 29,978 అని తేలింది. అలా పడటం సహజం కాదని పట్టుకున్నది పోలీసులు కాదు, విలేకరులు కాదు, రాత్రంతా అంకెలు ముందేసుకుని కూర్చున్న అభిమానులు. విచారణలో ఓట్లు తారుమారు చేశారని రుజువై ప్రధాన నిర్మాతకు జైలు శిక్ష పడింది. అంత కంగారు పడే అభిమానులే లేకపోతే ఆ మోసం ఎవరికీ తెలిసేది కాదు.

ఇక మీ ఓటు. మీ అక్కగారి మాటలో కొంత నిజం ఉంది గానీ పూర్తిగా కాదు. వారం వారం ఎలిమినేషన్ ఓటు వేరు, ఫైనల్ ఓటు వేరు. వారపు ఓటు అడిగేది "వచ్చే వారం ఎవరి పాట వినాలని ఉంది" అని. దానికి అభిమానంతో జవాబు చెప్పడంలో నాకు ఏ తప్పూ కనిపించదు. మూడు వారాలు తడబడ్డ గాయని నాలుగో వారం నిలదొక్కుకోవడం నేను చాలాసార్లు చూశాను. పైస్థాయిలో శ్రుతి తప్పడానికి అసలు కారణం చాలాసార్లు గొంతు అలసట. షూటింగుల మధ్య వాళ్లకు నిద్ర ఉండదు, పాట తమ స్థాయికి సరిపోదని చెప్పే ధైర్యమూ ఉండదు. వదిలేయకుండా ఇంకో అవకాశం ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. ఫైనల్ మాత్రం "ఎవరు గెలవాలి" అని అడుగుతుంది. అక్కడ ఆ రాత్రి పాడిన పాటకే వెయ్యమంటాను, ఎనిమిది వారాల అలవాటుకు కాదు. ఇది నా అభిప్రాయమే. మా టీమ్‌లోనే దీనికి ఒప్పుకోనివాళ్లు ఉండేవాళ్లు. "ప్రయాణం మొత్తానికి వేసేదే ఓటు" అని వాళ్ల వాదన, అదీ తీసెయ్యదగ్గది కాదు.

ఆ అబ్బాయి విషయంలో మాత్రం మీకు ఒకటి చెప్పాలి. మీరు అతన్ని మెచ్చుకుంటున్నారు, కంగారు పడటం లేదు. అతను రెండుసార్లు డేంజర్ జోన్‌కు వచ్చింది కూడా మీలాంటివాళ్లు వేలమంది ఉండటం వల్లే. బాగా పాడిన వారమే అతనికి ఓటు తక్కువ పడుతుంది, ఎందుకంటే ఆ వారం అందరూ అతని గురించి నిశ్చింతగా ఉంటారు. అతను నచ్చితే చప్పట్లతో వదిలేయకండి. మీ షోలో ఒకరికి ఒకటి కన్నా ఎక్కువ ఓట్లు ఉంటే పంచి వెయ్యడాన్ని ఏ నియమమూ ఆపదు. ఒక్కటే ఉంటే ఈ వారం నేనైతే అతనికే వేస్తాను. ఆమెకు మీరు కాకపోయినా కంగారు పడేవాళ్లున్నారు, మూడు వారాలు శ్రుతి తప్పి కూడా ఆమె ఒక్కసారీ డేంజర్ జోన్‌కు రాలేదంటే అదే కారణం.

ఓటింగ్ లైన్లు అందరూ పాడాక తెరుస్తారా, ముందే తెరుస్తారా చూసుకోండి. అందరూ పాడాకే అయితే, మొదట్లో పాడిన ఇద్దరు ముగ్గురి పాటలు యాప్‌లో మళ్లీ ఒకసారి విని అప్పుడు వెయ్యండి. ఏవీ వచ్చేటప్పుడు మంచినీళ్లకు లేవండి.